నల్లని మలం చెప్పే హెచ్చరిక



రక్తపు వాంతి, తారువలె నల్లగా అంటుకొనే మలం: ఇవి అన్నవాహికలోనో, జీర్ణాశయంలోనో, చిన్నప్రేగు మొదట్లోనో రక్తం స్రవిస్తున్నదనడానికి గుర్తులు. కారణం తరచు వయసునుబట్టి మారుతుంది.

వృద్ధులలో కీళ్లనొప్పుల మాత్రలు, గుండెకు వాడే ఆస్పిరిన్ పుండ్లు కలిగించవచ్చు. కడుపునొప్పి లేకుండానే రక్తం పోవచ్చు. ఆ నీరసాన్ని ముసలితనమని సరిపెట్టుకోరాదు.

యువకులలో హెలికోబాక్టర్ పైలోరీ క్రిమివల్ల పుండ్లు, ఎడతెగని వాంతులతో అన్నవాహిక పొర చిరగడం, మద్యంతో కాలేయం చెడి ఉబ్బిన సిరలు పగలడం కానవస్తాయి. ఆ క్రిమి వృద్ధులనూ విడువదు. అయితే మందులకు లొంగుతుంది.

గుర్తు కనబడగానే 108కు ఫోన్ చేయండి. వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకొనిపొండి. బీదరులోని తెలుగువారికి కన్నడం రాకపోయినా, వైద్యునికి సగం సంగతి అవే చెబుతాయి. గుండె మాత్ర ఆపాలో వద్దో నిర్ణయించవలసినది వైద్యుడే.