మందు చీటీ పారేయకండి



మేము బడిలో ఉర్దూ చెప్పుకునేవాళ్ళం, డాక్టర్లం కాము. అయినా ఈ సంగతి మా ఇంటి మీదికే వచ్చింది గనుక చెప్పక తప్పదు.

ధర్మవరంలో ఉండే మా దుల్హాభాయికి బెంగుళూరులో గుండె ఆపరేషన్ అయింది. రక్తం గడ్డకట్టకుండా అక్కడ హెపారిన్ అనే సూదిమందు ఇచ్చారు. ఇంటికొచ్చిన నాలుగో రోజున కాలు వాచి, వేళ్ళు నల్లబడసాగాయి. ఏళ్ళ తరబడి మగ్గం గుంటలో పెట్టిన కాలు, నరం పట్టుంటుందిలే అన్నారు ఇరుగుపొరుగు. రెండు రోజులు నూనె రాశాం. ఆ తర్వాత హిందూపురంలో ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోతే, కాల్లో రక్తపు గడ్డ ఉందని చెప్పి అదే సూది మళ్ళీ వేయబోయారు. వాళ్ళ తప్పేమీ లేదు. ముందు ఏ మందు పడిందో మేమే చెప్పలేదు. బెంగుళూరు కాగితాలు ఇనప్పెట్టెలో పెళ్ళి పత్రికల కింద ఉన్నాయి! మేనల్లుడు ఫోనులో వాటి ఫోటో ఉండబట్టి సరిపోయింది. డాక్టరు సూది ఆపి రక్తం పరీక్ష చేయిస్తే, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి.

ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారాలి గదా, గడ్డ కట్టడమేమిటి అని మేమూ అడిగాం. ప్లేట్‌లెట్లలో ఒక ప్రొటీను ఉంటుంది. అది హెపారిన్‌తో కలిస్తే, ఎవరో కొందరి ఒళ్ళు దాన్ని శత్రువనుకొని యాంటీబాడీలు తయారు చేస్తుందట. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తాయి, అందులోనే అవి ఖర్చయిపోతాయి. మామూలుగా మందు మొదలైన 5 నుంచి 10 రోజుల్లో ఇది బయటపడుతుంది. అప్పుడు హెపారిన్ ఆపి వేరే మందు ఇవ్వాలి.

2021లో కోవిషీల్డ్ టీకా తర్వాత కొద్దిమందికి వచ్చిందీ ఈ జాతి జబ్బే. ఆ మే నెలలో ప్రభుత్వ కమిటీ అలాంటివి కావచ్చన్న కేసులు 26 అని చెప్పింది. పది లక్షల డోసులకు 0.61. టీకాలే వద్దని పెనుకొండలో మాతో వాదించినవారికి ఈ లెక్కే చెప్పాం. కానీ ఆ 26 ఇళ్ళలో ఈ లెక్క ఎవరికి ఓదార్పు?

అందుకని మందులకు భయపడొద్దు, సొంతంగా ఆపొద్దు. ఆపరేషన్ అయిన, టీకా పడిన కొద్ది వారాల్లో కాలు వాచినా, ఆయాసం, ఛాతీ నొప్పి, విడవని తలనొప్పి, కడుపునొప్పి వచ్చినా, చర్మం మీద ఎర్రచుక్కలు లేచినా ఆ రోజే ఆసుపత్రికి పోండి. చీటీలన్నీ చేతబట్టుకొని పోండి. ఇంగ్లీషు రాదని సిగ్గెందుకు? సొసైటీ ఆఫీసుకు తెస్తే కూర్చుని చదివి పెడతాం.

దుల్హాభాయికి రెండు కాలివేళ్ళు పోయాయి. ఇప్పుడు చొక్కా జేబులో, బస్సు టికెట్ల మధ్య ఒక అట్టముక్క పెట్టుకొని తిరుగుతున్నాడు. దాని మీద డాక్టరు చేతి రాత: హెపారిన్ ఇవ్వరాదు.