మన రక్తం మీద పడ్డ మాట



“మీకు చదువు అబ్బదు, అది మీ రక్తంలోనే లేదు.” ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. నేనూ విన్నాను. అందుకే ఈ రోజు ఆ రక్తం గురించే మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్లో ఆరో తరగతి పాప ఒకతె ఉండేది. నిన్న చెప్పిన పాఠం ఈ రోజు మరిచిపోయేది. కాళ్ల నొప్పులని పడుకునేది. బద్ధకమనుకుని నేనూ కసిరాను. రక్తపరీక్ష చేయిస్తే సికిల్‌సెల్ జబ్బని తేలింది. ఆ రోజు సిగ్గుతో తల దించుకున్నాను.

హిమోగ్లోబిన్ తయారుచేసే ఒక జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. అందులో ఒక్క చిన్న మార్పే సికిల్. ఒకదానిలోనే మార్పు ఉంటే ఆ బిడ్డ వాహకుడు. మామూలుగా ఆరోగ్యంగానే ఉంటాడు, తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ కూడా ఉంటుంది. మలేరియా ఉన్న చోట్ల ఈ జన్యువు నిలిచింది అందుకే. మనలోనే కాదు, ఆఫ్రికాలో, అరబ్బు దేశాల్లో కూడా ఉంది.

రెండింటిలోనూ మార్పు ఉంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. మెదడుకు ప్రాణవాయువు సరిగా అందదు. కొందరు పిల్లల మెదడులో పైకి తెలియకుండానే చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. ధ్యాస, జ్ఞాపకం తగ్గుతాయి. నొప్పులతో బడి పోతుంది.

ఇది జబ్బు చేసిన నష్టం, జాతి లోపం కాదు. తెలివికంటూ ఒక్క జన్యువు లేదు. వేల జన్యు తేడాలు ఒక్కొక్కటి ఆవగింజంత పనిచేస్తాయి. వాటికి తోడు తిండి, ఆరోగ్యం, అర్థమయ్యే భాషలో చదువు ఉండాలి. వాటిని చూపి ఒక జాతిని తక్కువ చేయడం శాస్త్రం కాదు.

2023 జులైలో సికిల్‌సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది. 40 ఏళ్లలోపు వాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. భయపడకుండా చేయించుకోండి. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పెళ్లికి ముందే తెలిస్తే డాక్టరు సలహా తీసుకోవచ్చు. జబ్బు ఉన్నవాళ్లకు హైడ్రాక్సీయూరియా మందు ఉంది. డాక్టరు చెప్పినట్టు వాడాలి, నీళ్లు బాగా తాగాలి.

మందులు మొదలయ్యాక మా పాప బడి మానడం తగ్గింది. పాఠం రెండుసార్లు చెప్పడం మేమూ నేర్చుకున్నాం. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

మీ గూడెంలో తరచూ నొప్పులని బడి మానే బిడ్డ ఉంటే మొద్దు అనకండి. చెయ్యి పట్టుకుని పరీక్షకు తీసుకెళ్లండి.

జై ఆదివాసీ!