చలిమంటయు గొంగళియు



సంక్రాంతి చలి చంకలెత్తనీయదని సామెత. శివరాత్రికి చలి శివశివా యనుచు పోవునని మఱియొక సామెత. కార్తికము వెళ్లినది మొదలు ఆ శివరాత్రి వచ్చువఱకు గల దినములను పెద్దవయసువారు క్షేమముగా గడపుట యెట్లనునదియే నేటి ప్రసంగవిషయము. ఇందులకు ధనము పెద్దగా నక్కఱలేదు. మన యిండ్లలో నున్న వస్తువులును, కొలది మంచి యలవాట్లును చాలును.

తెలుగునాట చలి అంతటను ఒక్కతీరుగా నుండదు. సముద్రతీరమువారికి దుప్పటి చాలును. ఆదిలాబాదు ప్రాంతమునను, చింతపల్లి మన్యమునను చలి 10 డిగ్రీలకంటె దిగువకు దిగుట పలుమాఱు చూచుచున్నదే. చింతపల్లికి దగ్గఱనున్న లంబసింగికి కొర్రబయలని మారుపేరు కలదు. రాత్రి బయట నున్నవాడు కొయ్యవలె బిగిసిపోవునని దాని కర్థము చెప్పుదురు. అయినను చలివలన హాని కలుగుటకు మన్యమునకు పోనక్కఱలేదు. వార్ధకమున మైదానపు చలియు హాని చేయగలదు. 2018లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, చలిగల దేశములలో ఇంటిలోపలి వేడిమి 18 డిగ్రీలకు తగ్గకుండుట మేలని సూచించినది.

వృద్ధులకు చలి యేల హాని చేయునో మొదట తెలిసికొందము. మన దేహమున కావలసిన వేడిని దేహమే పుట్టించుకొనును. తిన్న యన్నమును, కదలెడి కండలును ఆ వేడికి మూలములు. వయసు మీఱినకొలది కండ తగ్గును, వణకు తగ్గును, చలి తగులుచున్నదని చెప్పవలసిన చర్మమే ఆ మాట సరిగా చెప్పదు. కావున "నాకు చలి లేదురా" అని తాత యన్నంతమాత్రమున ఆయనకు చలి లేదనుకొనరాదు. ఇదియుగాక, చలి సోకినపుడు చర్మమందలి రక్తనాళములు ముడుచుకొనును, రక్తపుపోటు హెచ్చును, గుండెకు శ్రమ పెరుగును. చలికాలమున గుండెపోటును పక్షవాతమును ఎక్కువగుటకు ఇది యొక ముఖ్యకారణము.

వెచ్చదనము రెండువిధముల లభించును. బయటినుండి తెచ్చుకొనునది యొకటి, లోపలి దానిని పోనీయక కాపాడుకొనునది మఱియొకటి. చలిమంట మొదటిది; గొంగళి రెండవది. సాయంకాలము మంటది, రాత్రి గొంగళిది. ఈ హద్దు దాటినచోట ప్రాణాపాయము కలదు.

వాకిట నలుగురును కూర్చుండి చలి కాచుకొనుట మంచిదే. మాటలును సాగును, మేనును వెచ్చబడును. అందులో ప్లాస్టికు సంచులు, రబ్బరు ముక్కలు మాత్రము వేయరాదు. ఆ పొగ విషము. కాని యా నిప్పునే కుంపటిలో నెత్తి, పడుకొను గదిలో పెట్టి, తలుపులు బిగించుకొనుట మహాప్రమాదము. గాలి చాలనిచోట కాలు బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. ఎఱ్ఱని నిప్పునుండి పొగ రాదు గనుక భయము లేదని మనము భ్రమపడుదుము. రక్తమునందు ప్రాణవాయువును మోసికొనిపోవు పదార్థమును ఈ విషము ప్రాణవాయువుకంటె రమారమి 200 రెట్లు గట్టిగా పట్టుకొనును. మేల్కొనియున్నవానికి తలనొప్పి, తలత్రిప్పుట, వాంతి వచ్చునట్లుండుట గుర్తులుగా తోచును. నిద్రించువానికి ఏ గుర్తును తెలియదు. నిద్రలోనే ప్రాణము పోవును. కావున పడుకొనుటకు ముందే కుంపటిని బయట పెట్టవలయును. బూడిద కప్పిన నిప్పును ఆఱిన నిప్పని నమ్మరాదు. ఎవరైనను ఇట్లు సొమ్మసిల్లినచో తలుపులు తెఱచి, వెంటనే బయటిగాలికి చేర్చి, 108కి కబురు చేయవలయును.

ఇక గొంగళి సంగతి. మన కురుమలును గొల్లలును పెంచెడి నల్లగొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగళి మేనికి గఱుకుగా నుండవచ్చును. కాని దాని పోగుల నడుమ గాలి చిక్కుకొని నిలుచును. నిలిచిన గాలి వేడిని బయటికి పోనీయదు. పాత చీరలను పొరలుగా కుట్టిన బొంత వెచ్చగా నుండుటకును ఇదియే కారణము. అందుచేతనే ఒక దళసరి చొక్కాకంటె రెండు పలుచని చొక్కాలు మేలు. నులకమంచము వేసవికి హాయి. చలికాలమున క్రిందినుండి గాలి దూరును. కప్పుకొనుటకు రెండు దుప్పట్లున్నచో ఒకదానిని క్రింద పఱచుకొనుడు. తలకు తువ్వాలు, పాదములకు మేజోళ్లు మఱవకుడు.

తెల్లవాఱుజామున మెలకువ రాగానే దిగ్గున లేవరాదు. మంచముమీదనే కొంతసేపు కూర్చుండి, కాళ్లుచేతులు కదలించి, పిమ్మట లేవవలయును. ధనుర్మాసమున వేకువను చన్నీట మునుగువారు మనలో పెక్కుమంది కలరు. వారి నిష్ఠ గౌరవింపదగినది. గోరువెచ్చని నీటితో స్నానము చేసినంతమాత్రమున భక్తికి లోటు రాదు. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు చన్నీటిని మానుటయే వివేకము. మధుమేహము గలవారికి పాదములలో స్పర్శ మందగించును గనుక, వేడినీటిని మొదట ఇంటిలోని మఱియొకరు చేతితో చూచి ఇయ్యవలయును.

హేమంతమున జఠరాగ్ని ప్రబలముగా నుండునని ఆయుర్వేదము చెప్పుచున్నది. మన పెద్దలు భోగికి నువ్వులద్దిన సజ్జరొట్టె కాల్చుట ఊరక యేర్పడిన యాచారము కాదు. నువ్వులును సజ్జలును బలమిచ్చును, లోహమును ఇచ్చును. పండ్లు లేనివారు రొట్టెను వేడిపాలలోనో పప్పుకట్టులోనో నానవేసికొనవచ్చును. చల్లారిన కూడు తినక, వేడిగా, పొద్దుగలుగ భుజింపవలయును. చలిలో దాహము తెలియదు; రాత్రి లేవవలసివచ్చునని నీరు మానువారును కలరు. అది తగదు. పగలు పలుమాఱులు కొంచెము కొంచెముగా త్రాగి, సాయంకాలమునుండి తగ్గించుకొనుడు.

సారాయి వేడి చేయునను మాట భ్రమ. అది చర్మమందలి నాళములను విప్పుటచే ముఖము వెచ్చగా తోచును. లోపలి వేడి బయటికి పోవును. చుట్టయు బీడీయు, ముడుచుకొన్న నాళములను మఱింత ముడుచును. ఈ రెండింటికంటె ఎండ మేలు. మంచు విడి పొద్దెక్కిన పిమ్మట అరుగుమీద కొంతసేపు కూర్చుండి, ఆపైన చెఱువుకట్టవఱకు మెల్లగా నడచిరండు. కదలిన కండయే వేడికి కొలిమి.

తుదకొక మాట. పిల్లలు పట్టణములకు పోగా ఒంటరిగా నుండు వృద్ధులు ఊరూర కలరు. మాట ముద్దగా వచ్చుట, అడుగు తడబడుట, మగతగా నుండుట, బట్టలోపల పొట్టయు చల్లబడియుండుట ఇవి చలి లోపలికి దిగినదనుటకు గుర్తులు. అట్టివారిని పొడిదుప్పట్లతో కప్పి వైద్యునకు చూపవలయును. మంటదగ్గఱకు ఈడ్వరాదు, సారాయి పోయరాదు. ప్రతి వీధిలోను ఒకరు ఈ పని మీద వేసికొనుడు. పొద్దెక్కినను తలుపు తీయని యింటిముందు నిలిచి, "పెద్దయ్యా, లేచితివా?" అని పిలువుడు. ఆ పిలుపునకు ఖర్చు లేదు. అది యొక ప్రాణమును నిలుపవచ్చును.