యంత్రానికి ఏ భాష? బిడ్డకు ఏ భాష?

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



గత సంవత్సరం ఒక తండ్రి తన కుమారుని టి.సి. కోసం నా వద్దకు వచ్చారు. "వాణ్ణి కంప్యూటర్ చదివిద్దామనుకుంటున్నానమ్మా. కంప్యూటర్‌కు తెలుగు రాదు కదా!" అన్నారు. నాడు సమాధానం తోచక సంతకం చేసి ఇచ్చాను. తరువాత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లపై పనిచేసే మన పూర్వ విద్యార్థి నుండి కొంత, పుస్తకాల నుండి కొంత తెలుసుకొన్నాను. ఆ సమాధానమే నేటి నా ప్రసంగం.

యంత్రానికి తెలుగే కాదు, ఇంగ్లీషూ రాదు. దానికి తెలిసినవి సున్న, ఒకటి మాత్రమే. బ్యాంకుల వంటి పెద్ద సంస్థల లెక్కలు మోసే మెయిన్‌ఫ్రేమ్‌లో, తక్కిన ప్రోగ్రాములన్నింటికీ మెమరీని, కాలాన్ని పంచిపెట్టే ఆధారాన్ని సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అంటారు. మన బరంపురం పట్టుచీరకు పడుగు ఎటువంటిదో ఇదీ అటువంటిదే. పేక ఎంత అందమైనదైనా పడుగు తెగితే చీర లేదు.

ఈ పడుగును ఏ భాషలో వ్రాయాలి? 1964లో ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్/360 యంత్రాలను ప్రకటించింది. వాటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రధానంగా అసెంబ్లీ భాషలో వ్రాశారు. అది యంత్రానికి అతి సమీపం. మెమరీ ఎంతో ఖరీదైన ఆ రోజులలో పొదుపు కూడా. కాని చదివి సరిదిద్దడం కష్టం. మరొక జాతి యంత్రానికి పనికిరాదు. అదే దశాబ్దంలో ఎం.ఐ.టి., బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి చేపట్టిన మల్టిక్స్‌కు మనిషికి సమీపమైన పి.ఎల్./వన్ భాషను ఎంచుకొన్నారు. కంపైలర్ సకాలంలో అందక తాత్కాలికమైన దానితో నెట్టుకొచ్చారు. అయినా ఆ ఎంపికను విడువలేదు; తప్పనిసరియైన కొద్ది భాగాలకే అసెంబ్లీని వాడారు. 1973లో యూనిక్స్‌ను సి భాషలో తిరిగి వ్రాయగా, అది ఇతర యంత్రాలకు తరలిపోగలిగింది. ఎక్కువగా సి భాషలోనే ఉన్న లినక్స్ నేడు మెయిన్‌ఫ్రేమ్‌పై కూడా నడుస్తున్నది.

వారు భాషను గొప్ప చూసి ఎంచుకోలేదు. పని ఏమిటి, రేపు దానిని చదివి సరిదిద్దేవారెవరు అని ఆలోచించారు. ఒక్క పనిలోనే రెండు భాషలను వాటి వాటి చోట్ల నిలిపారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి గంజాం అందులో చేరినది మొదలు మన పిల్లలు చేస్తున్నదీ ఇదే. ఇంట తెలుగు, బజారున ఒడియా, పై చదువులకు ఇంగ్లీషు. ఇంగ్లీషు అక్కరలేదని నేననను. ప్రోగ్రామింగ్ భాషలలోని మాటలు, వాటి పుస్తకాలు అధికభాగం ఇంగ్లీషువే. దానిని మరింత శ్రద్ధగా నేర్పవలసిన బాధ్యత మాది. కాని "ఎందుకు?" అని బిడ్డ మొదట అడిగేది అమ్మ భాషలో. తన తప్పును తానే కనిపెట్టి సరిదిద్దుకొనే తర్కం అక్కడే మొలకెత్తుతుంది. ప్రోగ్రామరుకు కావలసిన మొదటి విద్య అదే.

ఆ తండ్రి ఈ సభలో ఉంటే నా మనవి ఒక్కటే. మీ అబ్బాయి ఏ బడిలోనైనా చక్కగా చదువుకోవాలి. అయ్యా, ఇంట మాత్రం వాని తెలుగును మాన్పించకండి. అది వాని పడుగు.

సెలవు.