ఆరాధన సంగీతము – డిజిటల్ పియానోలో పాటల ఫైళ్లు
(గాయకబృందముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)





ముందుగా మా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. మా సంఘములో ఎన్నో ఏండ్లు హార్మోనియము వాయించిన పెద్దాయన ఒకరుండేవారు. పాత కీర్తనల వరుసలు ఆయన చేతివేళ్లలో ఉన్నవే గాని కాగితము మీద లేవు. డిజిటల్ పియానో వచ్చిన తరువాత ఆయనచేత పదకొండు కీర్తనలు వాయింపించి, అందులోనే రికార్డు చేసుకున్నాము. ఆయన ప్రభువునందు నిద్రించిన పిమ్మట, సాధన సమయములో మాలో కొందరు అవే పాటల స్థానములను ఎంచుకొని రికార్డు మీట నొక్కారు. పాతవాటిమీద కొత్తవి పడ్డాయి. నాలుగు కీర్తనలు పోయిన సంగతి చాలా కాలమునకు గాని తెలియలేదు. యంత్రములో లోపము లేదు. దాని పని తెలుసుకోనిది మేమే.

అందుచేత తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాము. పియానోలో పాటల ఫైళ్లు రెండు రకములు. మొదటిది మిడి ఫైలు. 1983లో వేర్వేరు కంపెనీల వాద్యములు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనుటకు ఏర్పడిన పద్ధతి ఇది. ఇందులో ధ్వని ఉండదు. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత బలముగా నొక్కినారు, ఎప్పుడు విడిచినారు అన్న లెక్క మాత్రమే ఉంటుంది. ఆ లెక్క చూచి పియానో మరల వాయిస్తుంది. రెండవది వేవ్ ఫైలు. ఇది టేపు వలె ధ్వనినే పట్టుకుంటుంది. సీడీ నాణ్యతతో నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లు పడుతుంది. మిడి పాట మొత్తము తరచుగా కొన్ని పదుల కిలోబైట్లలో ఇమిడిపోతుంది.

నేర్చుకొనువారికి మిడి ఫైలే మేలు. శ్రుతి మారకుండ నడక తగ్గించవచ్చును. గొంతులకు ఎక్కువైతే శ్రుతి రెండు మెట్లు దించవచ్చును. కుడిచేయి, ఎడమచేయి వేరువేరుగా రికార్డు చేస్తే, ఒకటి ఆపి ఆ భాగమును పిల్లలచేత వాయింపించవచ్చును.

అయితే దీనికి హద్దులున్నవి. మన కీర్తనలకు పుస్తకములో రాగతాళములు చెప్పబడినవి. వాటిని పెద్దలు పాడునప్పుడు స్వరము నుండి స్వరమునకు గొంతు జారే తీరు పియానో మెట్లకు అందదు. పైగా చాలా పియానోలలో వేవ్ రికార్డు సైతము పియానో ధ్వనినే గాని పాడేవారి గొంతును పట్టదు. కాబట్టి పెద్దలచేత పాడించి, ఫోనులోనైనా వేరుగా రికార్డు చేసుకోండి. ఈ పని వాయిదా వేయవద్దు.

మరి కొన్ని జాగ్రత్తలు. రికార్డు అయిన వెంటనే పెన్‌డ్రైవులోనికి, అక్కడనుండి కంప్యూటరులోనికి నకలు తీయండి. పియానోను తొలి స్థితికి మార్చితే లోపలి పాటలు చెరిగిపోవచ్చును. పెన్‌డ్రైవును పియానోలో ఫార్మాట్ చేస్తే అందులోనివన్నీ పోతాయి. నకలు పూర్తికాక ముందే దానిని లాగవద్దు. ఫైలుకు కీర్తన సంఖ్య, వాయించినవారి పేరు, సంవత్సరము పెట్టండి.

వాయించువారు లేని సంఘములు ఆరాధనలో ఫైలు పెట్టుకొనుట తప్పా అని కొందరు అడిగారు. తప్పు కాదు. గాని చరణము చివర వృద్ధులు ఊపిరి తీసుకొనువరకు మా పెద్దాయన ఆగేవారు. ఫైలు ఆగదు. సంఘమే దాని వెంట పరుగెత్తాలి. కనుక ఫైలు సాధనకు గురువుగా ఉండనివ్వండి. ఆదివారము మాత్రము, తప్పులు దొర్లినా సరే, మీ బిడ్డలలో ఒకరిని ఆ బల్లమీద కూర్చోబెట్టండి.

మిగిలిన ఏడు కీర్తనలను ఇప్పుడు మూడు చోట్ల భద్రము చేశాము. వాటిని నెమ్మదిగా మ్రోగించుకొని ఇద్దరు పిల్లలు నేర్చుకుంటున్నారు. పోయిన నాలుగింటి వరుసలు మీ సంఘములలో ఎవరికైనా జ్ఞాపకమున్నచో, దయచేసి మాకు కబురు పంపండి. మేమే వచ్చి రికార్డు చేసుకుంటాము.