డ్రాయింగు పీరియడు ఎవరిది?

(కద్మాలో తెలుగు ఉద్యోగుల కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభకు వచ్చుచుండగా మిత్రులొకరు మమ్ము నిలదీసినారు. "రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో జీతభత్యములను, పింఛనును విడిచి, బడిలో బొమ్మలు నేర్పుటను గూర్చి మాట్లాడెదరా?" అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. మా జవాబు చిన్నది. మన పిల్లలు చదువుచున్న బడులలో వారమునకు ఒకటో రెండో డ్రాయింగు పీరియడ్లు టైంటేబులులో ఉన్నవి. పరీక్షలు దగ్గరపడగానే వాటిని లెక్కల మాస్టరుగారు తీసికొందురు. ఇది అందరికిని తెలిసిన సంగతి. తీసికొనని రోజులలోనైనను ఆ గంటలో పాఠము చెప్పవలసిన ఉపాధ్యాయునకు, పిల్లలకు బొమ్మలు ఎట్లు నేర్పవలెనో నేర్పినవారు ఎవరు? దీనిని ఎవరును అడుగుట లేదు. నేడు మేము మాట్లాడదలచినది దీనిని గూర్చియే.

ఈ ఊరిలోనే ఒక పాఠశాలలో (పేరు అనవసరము) ఒక తరగతి పిల్లలు గీసిన బొమ్మలను ఆ మధ్య మేము చూచినాము. అన్ని కాగితములపైనను ఒకే బొమ్మ. త్రికోణపు కొండలు రెండు, వాటి నడుమ సూర్యుడు, క్రిందికి జారు ఏరు, ప్రక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, ఆకాశమున నాలుగు పక్షులు. ఆ పిల్లలకు మేడ ఎక్కిన దల్మా కొండ కనబడును. సోనారి దగ్గర దోముహానీ వద్ద ఖర్కాయి నది సువర్ణరేఖలో కలియుటను వారు చూచియున్నారు. ఉక్కు కర్మాగారపు వెలుగుకు రాత్రివేళ ఆకాశము ఎర్రబారుటను చూచుచు పెరిగినారు. వీటిలో ఒక్కటియు కాగితము మీదికి రాలేదు. ఉపాధ్యాయుడు బోర్డు మీద గీసినదే వచ్చినది. ఆయనను మేము తప్పుపట్టుట లేదు. చిన్ననాడు తన మాస్టరు గీసి చూపిన బొమ్మనే ఆయనయు గీసినారు. అంతకు మించి ఆయనకు ఎవరును చూపలేదు.

డ్రాయింగు మన బడులలోనికి ఏ ద్వారమున వచ్చినదో కొంచెము చూతము. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో చిత్రకళా పాఠశాలను స్థాపించినారు. నాటి పాలకుల దృష్టి పరిశ్రమల మీద, చేతిపనుల మీద ఉన్నది. గీత తిన్నగా ఉండవలెను, కొలత సరిపోవలెను, నమూనాకును నకలుకును భేదము ఉండరాదు. లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు డ్రాయింగు పరీక్షలు ఆ సంప్రదాయమునకే వారసులు. ఫ్రీహాండ్ ఔట్‌లైన్, మోడల్ డ్రాయింగ్, డిజైన్ అను మాటలు విన్నవారు మీలోనే ఉందురు. ఈ విద్యను మేము చిన్నచూపు చూచుట లేదు. రైల్వే డ్రాయింగు ఆఫీసులలో పనిచేసిన మిత్రులకు గీత విలువ మేము చెప్పవలసినది కాదు. అయితే చక్కగా గీయుట ఒక విద్య, ఎనిమిదేండ్ల పిల్లకు గీయుట నేర్పుట మరియొక విద్య. మొదటిదానికి పరీక్ష ఉన్నది. రెండవదానికి ఉన్న ఏర్పాటు ఏమి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఉన్న ఏర్పాటు టీటీసీ. డ్రాయింగులోనో కుట్టుపనిలోనో సాంకేతిక పరీక్ష ప్యాసైనవారికి వేసవిలో 42 రోజుల శిక్షణ ఇత్తురు. ప్రభుత్వ పరీక్షల విభాగము దీనిని నిర్వహించును. పెద్ద చదువులు చదువలేని బీద యువతీ యువకులకు టీచరు ఉద్యోగమునకు ఇది ఒక దారి చూపినది. ఆ మేలును మరువరాదు. కాని 42 రోజులనగా ఆరు వారములే. పైగా అది మే నెల ఎండలలో, బడులు మూసియున్న కాలములో వచ్చును. నేర్పుట నేర్చుకొనవలసినవారి ఎదుట నేర్చుకొను పిల్లలు ఉండరు. లోకో పైలట్ మిత్రులు ఆలోచింపవలెను. ఒక సెక్షనులో బండి నడుపుటకు ముందు ఆ రోడ్డు నేర్చుకొనవలెనని నియమము ఉన్నది గదా! సిగ్నలు ఎక్కడ, వంపు ఎక్కడ, ఎత్తు ఎక్కడ అని లైను మీద తిరిగి చూచినగాని బండిని అప్పగింపరు. డ్రాయింగు మాస్టరునకు మాత్రము రోడ్డు చూపకయే బండిని అప్పగించుచున్నాము.

ఆ రోడ్డు ఎట్టిదో ఒక ఉదాహరణము చెప్పెదము. రైలు క్వార్టర్లలో పెరిగిన ఆరేడేండ్ల బాలుని రైలు బొమ్మ గీయుమని అడిగినచో ఏమి గీయును? పెట్టె గోడలోనుండి లోపలి ప్రయాణికులందరును కనబడుదురు. ఈ వైపు చక్రములతోబాటు ఆ వైపు చక్రములును కనబడును. ఇంజనులోని తండ్రి ఇంజనుకంటె పెద్దవాడుగా ఉండును. పట్టాల క్రింద ఒక నేల గీత, దాని మీదనే చెట్లు, ఇండ్లు, మనుషులు వరుసగా నిలిచియుందురు. శిక్షణ లేని ఉపాధ్యాయుడు దీనిలో నాలుగు తప్పులు పట్టి ఎర్రసిరాతో దిద్దును. దిద్దిన తరువాత ఆ బాలుడు తండ్రిని అంత పెద్దగా మరల గీయడు. శిక్షణ పొందినవాడు మాత్రము దీనిని చదువును. ఆ వయసు పిల్లవాడు కంటికి కనబడునది గాక తనకు తెలిసినది గీయునని, తనకు ముఖ్యమైన దానిని పెద్దదిగా గీయునని ఎరుగును. మూడు నాలుగేండ్ల పిల్ల తలకే కాళ్లు తగిలించి మనిషి అనును, అదియు ఒక మెట్టే. తొమ్మిది పదేండ్లు వచ్చుసరికి "నా బొమ్మ నిజముగా ఉన్నట్లు లేదు" అని తానే సిగ్గుపడి, చాలమంది గీయుట మానివేయుదురు. సరిగ్గా ఆ సమయమున ఉపాధ్యాయుని అవసరము ఎక్కువ. చూచుట ఎట్లో, దూరము దగ్గర ఎట్లు తెలియునో, రంగులో రంగు ఎట్లు కలుపవలెనో అప్పుడు చెప్పిన యెడల గ్రహింతురు, అంతకుముందు చెప్పిన యెడల బెదరుదురు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ఈ మెట్లను 1947లోనే గ్రంథస్థము చేసినారు. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అంతకు యాభై ఏండ్ల ముందే పిల్లల గీతలను పిల్లల గీతలుగానే గౌరవించి తరగతులు నడిపినారు. ఇది క్రొత్త సంగతి కాదు, మన శిక్షణ తరగతి వరకు రాని సంగతి.

మన దేశమున ఎవరును ఆలోచింపలేదనుట తగదు. మచిలీపట్నమున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినప్పుడు దానిని నెలకొల్పిన పెద్దలు చిత్రకళను జాతీయ విద్యలో భాగముగా ఎంచి, వంగదేశమునుండి ప్రమోదకుమార చటోపాధ్యాయను పిలిపించినారు. ఆయన వద్ద నేర్చిన అడివి బాపిరాజు తరువాత ఆ కళాశాలకే ప్రిన్సిపాలు అయినారు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు 1925లో ఇరువది ఏడేండ్లకే కన్నుమూసినను, ఆయన ప్రారంభించిన చిత్రకళాశాలను వరదా వెంకటరత్నం మొదలైన మిత్రులు నిలిపినారు. శాంతినికేతనమున చదివిన దేవీప్రసాద్ 1944లో సేవాగ్రామమునకు పోయి, నయీ తాలీమ్ బడిలో ఏండ్ల తరబడి పిల్లలకు చిత్రకళ నేర్పి, విద్యకు కళయే పునాది యని గ్రంథము వ్రాసినారు. అంతకుముందే 1938లో జాకీర్ హుస్సేన్ సంఘము మౌలిక విద్యా ప్రణాళికలో సంగీతమునకు, డ్రాయింగునకు చోటిచ్చినది. ఆలోచనకు కరువు లేదు. ఆలోచన నివేదికలలో నిలిచి, బడికి లోయరు గ్రేడు పరీక్ష ఒక్కటే చేరినది.

ఇటీవలి మార్పులును చెప్పవలెను. 2014 నాటి నియమావళి ననుసరించి బి.ఎడ్. రెండేండ్లదైనది. అందులో నాటకము, చిత్రకళలను విద్యతో జోడించు ఒక విషయమును చేర్చినారు. 2020 జాతీయ విద్యావిధానము కళను ఇతర పాఠములతో కలిపి బోధింపుమన్నది. వినుటకు బాగున్నది. కాని ఆ విషయము అనేక చోట్ల ఒక రికార్డు పుస్తకముగా ముగిసిపోవుచున్నది, అంగడిలో కొన్న చార్టులను అంటించి సంతకము చేయించుకొందురు. కాబోయే టీచరు తన చేతితో బొగ్గుముక్క పట్టి, తప్పుగా గీసి, నలుగురిలో సిగ్గుపడి, మరల గీసినప్పుడుగదా పిల్లవాని భయము తెలియునది!

ఇక మనకు బాగుగా తెలిసిన సంగతికి వత్తము. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో ఆరు నుండి ఎనిమిది తరగతులకు, నూరుమందికి పైగా పిల్లలున్న బడిలో, చిత్రకళకు, వ్యాయామమునకు, పనివిద్యకు బోధకులు ఉండవలెనని వ్రాసినారు. ఆ బోధకులకు ముందు 'పార్ట్‌టైమ్' అను మాటను చేర్చినారు. మాట యొక్క బరువు మనకు ఒకరు చెప్పనక్కరలేదు. తపాలాలో 'ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్' అని, రైల్వేలో 'క్యాజువల్' అని పిలువబడి జీవితకాలము పనిచేసినవారు మన ఇండ్లలో ఉన్నారు. ఉద్యోగమునకు పెట్టిన పేరు జీతమును నిర్ణయించును, గౌరవమును నిర్ణయించును, చివరకు ఆ పని విలువను సయితము నిర్ణయించును. వచ్చే ఏడు ఉందునో లేదో తెలియని బోధకుడు పిల్లవాని గీత మూడేండ్లలో ఎట్లు మారినదో చూచుట ఎట్లు? ఒకటి నుండి అయిదు తరగతులకు ఇట్టి బోధకుల మాట ఆ షెడ్యూలులో అసలే లేదు. పిల్లలు భయము లేక గీయునది ఆ వయసుననే. బదిలీల వలన కేంద్రీయ విద్యాలయములలో పిల్లలను చేర్చినవారు చూచియుందురు, అక్కడ ఆర్టు టీచరు టీజీటీ హోదాలో తక్కిన టీచర్లతో సమానుడు. ఒకచోట సాధ్యమైనది మరియొక చోట ఏల సాధ్యము కాదు?

శిక్షణను కేవలము నగరములనుండి తెచ్చుకొనవలసిన పని లేదు. ఈ జిల్లాలోనే ధల్‌భూమ్‌గఢ్ ప్రాంతమున ఆమాడుబి గ్రామము ఉన్నది. అక్కడి చిత్రకారులు పైట్కర్ పటములను వ్రాసి, పటము విప్పుచు కథను పాడి వినిపింతురు. దీపావళి దినములలో సంతాల్ స్త్రీలు సొహరాయి పండుగకు మట్టిగోడలను అలికి, మట్టి రంగులతో తీర్చిదిద్దుదురు. ఇక మన సంగతి. కాళీమాటి స్టేషను 1919లో టాటానగర్ కాకముందునుండియు ఉక్కు పని ఈ నేలకు ఎక్కడెక్కడి వారినో రప్పించినది. ఆ పని వెంట శ్రీకాకుళము ప్రాంతమునుండి వచ్చిన మన తెలుగు కుటుంబములు ముగ్గును విడువలేదు. చుక్కలు లెక్కించి, సరిసమానముగ కలుపు ఆ తల్లి చేతిలో జ్యామితి ఉన్నది. దానిని చూచి పెరిగిన పిల్ల బడికి పోయి రెండు త్రికోణపు కొండలు గీయుచున్నది. టీచర్ల శిక్షణలో పది దినములు ఆమాడుబి చిత్రకారునికి, సొహరాయి గోడలు తీర్చు స్త్రీకి ఇచ్చి, వారికి సన్మానపు శాలువా గాక బోధకుని వేతనమే ఇచ్చిన యెడల, టీచరునకు పరిసరములను చూచు కన్ను వచ్చును. ఆ పది దినములు బడి తెరచియున్న నెలలలో, పిల్లల నడుమ జరుగవలెను.

తపాలా మిత్రులకు ఒక మాట. నవంబరు 14 బాలల దినోత్సవపు బిళ్లలను మీరు కౌంటరులో అమ్మియుందురు. పిల్లలు గీసిన బొమ్మలు ఎన్నియో ఏండ్లు ఆ బిళ్లల మీద అచ్చైనవి. ఆ పిల్లలకు నేర్పినది ఎవరో, ఏ హోదాలోనో, బిళ్ల మీద చోటు లేదు.

మీ పిల్లల బడిలో ఈసారి తల్లిదండ్రుల సమావేశము జరిగినప్పుడు మూడు సంగతులు అడిగి తెలిసికొనుడు. డ్రాయింగు పీరియడు ఎవరు తీసికొనుచున్నారు, వారికి ఏ శిక్షణ లభించినది, వారి ఉద్యోగము స్థిరమైనదా కాదా. జవాబులను ఒక పోస్టుకార్డు మీద వ్రాసి బులెటిన్‌కు పంపుడు. బిళ్ల ఖర్చు మీదే!