గనిలోని నియమము - వీధిలోని నడక
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుటకు పుస్తకములు, బీరువాలు, చందాలు మాత్రమే చాలవు. ప్రతిదినము ఎవరో ఒకరు ఇల్లు వెడలి, దారి నడచి, దాని గడప త్రొక్కవలెను. పల్లె గ్రంథాలయమునకు వచ్చువారిలో ఎక్కువమంది కాలినడకననో సైకిలుపైననో వచ్చువారే. దారి భయంకరమైనచో మొదట రాక మానువారు పిల్లలు, పిదప వృద్ధులు, ఆ పిదప సాయంకాలము ఒంటరిగా మరలవలసిన స్త్రీలు. కావున పుస్తకముల పండుగనాడు దారిని గూర్చి ముచ్చటించుట అప్రస్తుతము కాదు.

రామగుండము, గోదావరిఖని ప్రాంతము ఒక్క తరములో పల్లెల గుంపు నుండి పట్టణముగా మారినది. 1960 ప్రాంతమున ఇచ్చట సింగరేణి గనులు తెరవబడినవి. 1978 లో ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రమునకు పునాదిరాయి పడినది. ఎరువుల కర్మాగారము 1980 లో ఉత్పత్తి ప్రారంభించి, 1999 లో మూతపడి, 2021 లో క్రొత్త సంస్థగా తిరిగి తెరచుకొన్నది. 2011 జనాభా లెక్కల నాటికే పట్టణములో రెండు లక్షలకు పైగా జనమున్నారు. ఇంక్లైను అను గని మాట కాలనీ పేరై ఎనిమిదవ ఇంక్లైను కాలనీగా నిలిచినది. గనులు, కాలనీలు, కర్మాగారములు, పాత పల్లెలు ఒకదానికొకటి దూరముగా చెల్లాచెదరుగా వెలసినవి. వాటి నడుమ రాజీవ్ రహదారి సాగిపోవుచున్నది. బొగ్గు లారీలు, బూడిద లారీలు, బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్ళు అన్నియు ఆ దారినే ఆశ్రయించినవి. బడికి పోవు పిల్లలును, అంగడికి పోవు అవ్వయు, షిఫ్టు దిగివచ్చు కార్మికుడును ఆ దారినే దాటవలెను.

ఇచ్చట ఒక విచిత్రమును గమనింపుడు. గని నుండి విద్యుత్కేంద్రమునకు పోవు బొగ్గుకు ప్రత్యేకమైన రైలుమార్గమున్నది. ఆ మార్గమున మరియొక వాహనము రాదు. బొగ్గును త్రవ్వి తీసిన మనిషి ఇల్లు చేరుటకు మాత్రము అనేకచోట్ల తారురోడ్డు అంచున మూరెడు మట్టియే మిగిలినది. వర్షాకాలమున అదియు బురదయగును.

ఈ మనిషికి రక్షణ కల్పించుట ఎట్లో తెలియనివారు ఈ ప్రాంతమున లేరు. భూమి క్రింద ఆ విద్య చాలకాలముగా అమలులో నున్నది. గనిలో టబ్బులను త్రాటితో లాగు దారిని హాలేజి అందురు. హాలేజి నడుచుచుండగా ఎవరును ఆ దారిని ఊరక నడువరాదు. పనిమీద అచ్చట నుండవలసినవాడు టబ్బు వచ్చినపుడు తప్పుకొనుటకై ప్రక్కగోడలో నిర్ణీతదూరమునకు ఒకటిగా గూడులు తొలిచి యుంచవలెను. వాటిని మ్యాన్‌హోళ్ళందురు. వాటిలో సామానులు పెట్టరాదు. అవి సర్వదా ఖాళీగా నుండవలెను. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలును, వాటి స్థానమున 2017 లో వచ్చిన నిబంధనలును ఇట్టి రక్షణలను విధించినవి.

ఈ నియమములోని వివేకమేమి? కార్మికుని ‘జాగ్రత్తగా నుండుము’ అని హెచ్చరించి ఊరకుండలేదు. జాగ్రత్తపరుడైనను మనిషి అలసిపోవును, ఏదో తలపోయును, కాలుజారును. ఆ క్షణమున కూడ అతని ప్రాణము నిలుచునట్లు దారినే ఏర్పరుపవలెనని పెద్దలు తలచినారు. ఆ మ్యాన్‌హోలు వంటిదే వీధిలోని కాలిబాట. గూడులో సామాను పెట్టుట గనిలో ఎంత తప్పో, కాలిబాటపై దుకాణపు సరుకు పేర్చుట, మోటారు సైకిలు నిలుపుట వీధిలో అంత తప్పు. చిరువ్యాపారులను తరిమివేయుమని దీని భావము కాదు. వారికి తగిన చోటు చూపి, నడకకు దారి మిగుల్పుమని భావము.

వేగమును గూర్చియు రెండు మాటలు. గంటకు 30 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు, చోదకుడు ఒక సెకనులో తెలివిడి పొంది గట్టిగా బ్రేకు వేసినచో, పొడి రోడ్డుపై సుమారు 13 మీటర్లలో ఆగును. అదే కారు 60 కిలోమీటర్ల వేగమున నున్నచో ఆగుటకు దాదాపు 36 మీటర్లు పట్టును. వేగము రెట్టింపైనపుడు బ్రేకు వేసిన పిదప సాగు దూరము నాలుగు రెట్లగుటయే దీనికి కారణము. బరువైన లారీకి ఇంకను ఎక్కువ దూరము కావలెను. 20 మీటర్ల దూరమున రోడ్డు దాటుచున్న బాలుడు మొదటి కారు ముందు బ్రతుకును. రెండవ కారు ముందు బ్రతుకుట కష్టము. బాలుని తప్పొప్పులు రెండుచోట్లను ఒక్కటే. తేడా వేగములోనే యున్నది.

2022 లో భారతదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్రప్రభుత్వపు లెక్క. వారిలో 32,825 మంది పాదచారులు. అనగా దినమునకు సుమారు తొంబదిమంది నడచుచునే ప్రాణములు కోల్పోయిరి. ఒక గనిలో తొంబదిమంది మరణించినచో దేశమంతయు అట్టుడికిపోవును. విచారణ సంఘములు వచ్చును. వీధిలో ఒక్కొక్కరుగా పోవుటచే ఆ శోకము ఒక్కొక్క ఇంటిలోనే అణగిపోవుచున్నది.

అట్లణగిపోనీయక శోకమును ప్రజోద్యమముగా మార్చిన దేశమొకటి గలదు. ఇప్పుడు సైకిళ్ళకు ప్రసిద్ధికెక్కిన నెదర్లాండ్సు మొదటినుండియు అట్లు లేదు. 1971 లో అచ్చట మూడువేలకు పైగా జనులు రోడ్లపై మరణించిరి. వారిలో నాలుగువందలకు పైగా పిల్లలే. బిడ్డను కోల్పోయిన ఒక పత్రికారచయిత ‘శిశుహత్యను ఆపుడు’ అని వ్రాసెను. ఆ మాటయే ఉద్యమమునకు పేరైనది. తల్లులు, తండ్రులు, పిల్లలు సైకిళ్ళపై ఊరేగిరి. వీధులలో అడ్డముగా నిలిచిరి. దారులు క్రమముగా మారినవి. హైదరాబాదులోను కాంతిమతి కన్నన్ గారు రైట్ టు వాక్ ఫౌండేషన్ పేర నడక హక్కుకై పాటుపడిరి.

చట్టము కూడ ఈ వైపునకే తిరుగుచున్నది. మోటారు వాహనముల చట్టమునకు 2019 లో వచ్చిన సవరణ పాదచారులను, సైకిళ్ళ వంటి యంత్రరహిత వాహనములను గూర్చి నియమములు చేయుటకు రాష్ట్రములకు అధికారమిచ్చినది. కాలిబాటను వాడుకొను హక్కు రాజ్యాంగము 21వ అధికరణము క్రింది జీవించు హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టము చేసెను. అదే సంవత్సరము అక్టోబరులో, ఆ నియమములను ఆరు నెలలలో రూపొందింపుమని రాష్ట్రములను ఆదేశించెను. అయినను న్యాయస్థానపు తీర్పు తనంతట తాను వీధిలోనికి నడచి రాదు. దానిని చేయిపట్టి తెచ్చువారు ఊరిలోనే పుట్టవలెను.

ఇచ్చట గ్రంథాలయము చేయదగిన పని గలదు. గనిలో సర్దారు షిఫ్టు ముగియగనే తాను చూచిన లోపములను పుస్తకములో వ్రాసి సంతకము చేయును. నోటిమాటగా చెప్పి పోవుట చాలదు. అదే విధమున గ్రంథాలయమున ఒక ‘దారి పుస్తకము’ నుంచవలెను. వెలుగని దీపము, మూత లేని మురుగుకాలువ, చెరిగిపోయిన జీబ్రా చారలు, తృటిలో తప్పిన ప్రమాదము - ఏ చోట, ఏ వేళ, ఏమి జరిగినదో పాఠకులు అందులో వ్రాయవలెను. పిల్లలు తాము బడికి పోవు దారిని పటముగా గీసి, భయమగు చోట ఎఱ్ఱచుక్క పెట్టవలెను. ఆరుమాసములలో ఆ పుస్తకము ఏ అధికారియు త్రోసిపుచ్చజాలని సాక్ష్యమగును.

ఆ సాక్ష్యమును ఎవరికి సమర్పింపవలెను? రాజీవ్ రహదారి రాష్ట్రప్రభుత్వము క్రిందిది. పట్టణవీధులు నగరపాలక సంస్థవి. కాలనీ దారులు పెక్కు కంపెనీలవి. ఒకరి యొద్దకు పోయిన రెండవవారి పేరు చెప్పుట సులభము. అందుచే అందరును ఒక్కచోట కూర్చుండు జిల్లా రోడ్డు భద్రతా సంఘమునకు విన్నపము చేయవలెను. మోటారు వాహనముల చట్టమే అట్టి జిల్లా సంఘములకు వీలు కల్పించినది. ధనము లేదనువారికి, 2015 సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధిని గుర్తుచేయవలెను. గనులవలన ఇబ్బందిపడు జనుల మేలుకే ఆ నిధి ఏర్పడినది.

కోరికలు మితముగా, స్పష్టముగా నుండవలెను. బడుల యొద్దను, అంగళ్ళ యొద్దను వేగము 30 కిలోమీటర్లకు మించరాదు. దానికి తగిన వేగనిరోధకములు కావలెను. కాలిబాటలో కనీసము 1.8 మీటర్ల వెడల్పు అడ్డులేక నుండవలెనని భారత రోడ్డు కాంగ్రెసు సూచించినది. ఆ కొలత కావలెను. బడి విడుచు వేళను, షిఫ్టు మారు వేళను బరువు లారీలకు కొంత నిలుపుదల కావలెను. సైకిలువానికి రోడ్డంచున చదునైన పట్టీ కావలెను. ఇందులో ఆకాశమంటు వంతెనలు లేవు. లారీలు రాకూడదన్న మాటయు లేదు. లారీ నడుపువాడును ఒక ఇంటివాడే. అతడును బండి దిగిన పిదప పాదచారియే.

నూరుగురికి మించి పనిచేయు గనులలో రక్షణసంఘము నేర్పరచి, అందులో కార్మికులకు చోటీయవలెనని గనుల నియమములు విధించినవి. ప్రమాదపు అంచున నిలుచువాని మాటకు విలువ యుండవలెనన్నదే దాని సారము. వీధిలో ఆ అంచున నిలుచునది బడిపిల్ల, వృద్ధుడు, సైకిలువాడు. వారి మాట వ్రాయుటకు ఒక పుస్తకమును, చర్చించుటకు ఒక బల్లను ఈ గ్రంథాలయము ఈయగలదు. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన సంస్థకు పాఠకులను కాపాడుట తరువాతి బాధ్యత. రజతోత్సవ సంవత్సరము ముగియకమునుపే దారి పుస్తకములో మొదటి పుట నిండుగాక!